ముసలి పిల్లి కీళ్ల నొప్పులకు చేప నూనె: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పిల్లి మసికి ఇప్పుడు 15 ఏళ్లు. కీళ్లు అరిగాయని తెలిసి మూడేళ్లయింది, అప్పటి నుంచీ దానికి చేప నూనె పడుతూనే ఉంది. "మా పిల్లికీ వేయొచ్చా, ఏది కొనాలి, ఎన్ని చుక్కలు?" అని అడిగేవాళ్లకు ఎవరికి వాళ్లకు చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. నేను డాక్టర్‌ని కాను. ఇందులో కొంత మా వెట్ (జంతువుల డాక్టర్) దగ్గర నేర్చుకున్నది, కొంత చదివి తెలుసుకున్నది, ఇంకొంత చేతులు కాల్చుకుని తెలుసుకున్నది.

మా పిల్లి కుంటడం లేదు కదా, దానికి కీళ్ల నొప్పులు ఉంటాయా?

ఉండొచ్చు. పిల్లుల్లో కీళ్ల అరుగుదల చాలాసార్లు రెండు వైపులా ఒకేసారి వస్తుంది. రెండు తుంటి కీళ్లూ నొప్పి పెడుతుంటే ఇక ఏ కాలు మీద కుంటాలి? అందుకే కుంటదు, పనులు మానేస్తుంది. పైగా నొప్పిని బయటపెట్టని జంతువు అది. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూసి 2002లో వెలువరించిన ఒక అధ్యయనంలో 90 శాతం పిల్లుల్లో కీళ్లో వెన్నెముకో అరిగిన గుర్తులు కనిపించాయి. వాటిలో ఎన్నింటికి ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుని ఉంటారో ఊహించండి.

చూడాల్సింది ఆరు పనులు: ఎత్తుకు దూకడం, కిందికి దూకడం, మెట్లెక్కడం, మెట్లు దిగడం, పరుగెత్తడం, కదిలే వస్తువు వెంట పడటం. వెట్‌లు వాడే ప్రశ్నల పట్టికలో ఉండేవీ ఇవే. ఒకప్పుడు ఒక్క గంతులో అల్మారా మీదికి చేరే పిల్లి ఇప్పుడు ముందు కుర్చీ, తర్వాత బల్ల, తర్వాత అల్మారా అని మజిలీలు చేస్తోందంటే అనుమానించాలి. దూకే ముందు కిందా మీదా చూసి, వెనక్కి తగ్గి, మళ్లీ చూడటం కూడా గుర్తే. నడుం దగ్గర, తోక మొదట్లో బొచ్చు ఉండలు కట్టిందంటే అక్కడికి తల తిప్పి నాక్కోలేకపోతోందన్నమాట. గోళ్లు పెరిగి నేల మీద టకటకమంటాయి. మసి విషయంలో మాకు మొదట తట్టింది ఇవేవీ కావు. లిట్టర్ ట్రే పక్కన నేల మీద చేయడం మొదలుపెట్టింది. పొగరనుకున్నాం. ట్రే అంచు దాని మోకాళ్లకు ఎత్తైపోయిందని తర్వాత తెలిసింది.

ఎక్స్‌రే తప్పనిసరా?

కాదు. ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపించినా నొప్పి లేని పిల్లులున్నాయి, పెద్దగా ఏమీ కనిపించకపోయినా నొప్పితో బాధపడేవీ ఉన్నాయి. వెట్ చేతులతో కీళ్లు పట్టి చూడటం, మీరు ఇంట్లో తీసిన వీడియోలు చూపించడం, ఈ రెండూ కలిస్తేనే అసలు సంగతి తేలుతుంది. ఆసుపత్రి గదిలో భయంతో బిగుసుకుపోయిన పిల్లి ఎలా నడుస్తుందో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. కాబట్టి ఫోన్‌లో వీడియోలు ఉండాలి. రక్తపరీక్ష మాత్రం చేయించండి. ఈ వయసులో కిడ్నీలు, థైరాయిడ్ ఎలా ఉన్నాయో తెలియకుండా ఏ మందూ మొదలుపెట్టకూడదు.

చేప నూనె కీళ్లలోకి వెళ్లి కందెనలా పనిచేస్తుందా?

లేదు. తలుపు బందులకు నూనె వేస్తే కిర్రుమనడం ఆగినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. తిన్న నూనె కడుపులో అరిగి, కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి, ఒంట్లోని కణాల పొరల్లో చేరుతుంది. అసలు పని జరిగేది అక్కడే.

కణాల పొరల్లో మామూలుగా ఒమేగా-6 జాతికి చెందిన అరకిడోనిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. కీలు దెబ్బతిన్నప్పుడు శరీరం ఈ ఆమ్లాన్ని బయటికి లాగి, ఎంజైముల సాయంతో ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయీన్లు అనే పదార్థాలుగా మారుస్తుంది. వాపు, వేడి, నొప్పి వాటి వల్లే వస్తాయి. చేప నూనెలో ఉండేవి ఒమేగా-3 జాతి కొవ్వు ఆమ్లాలు, ముఖ్యంగా ఈపీఏ, డీహెచ్ఏ. రోజూ తింటూ పోతే కణాల పొరల్లో అరకిడోనిక్ ఆమ్లం చోటును కొంతవరకు ఇవి ఆక్రమిస్తాయి. అప్పుడు అవే ఎంజైములకు ఈపీఏ దొరుకుతుంది, దాన్నుంచి తయారయ్యేవి అంత మంట పుట్టించవు. ఈపీఏ, డీహెచ్ఏల నుంచి వాపును చల్లార్చే రిసాల్విన్లు అనే పదార్థాలు కూడా తయారవుతాయి.

ఇది అర్థమైతే మిగతా ప్రశ్నలు సగం తేలిపోతాయి. ఎందుకు వారాలు పడుతుంది? పొరలు మారడానికి టైం కావాలి కాబట్టి. ఏ నూనె పడితే ఆ నూనె ఎందుకు పనికిరాదు? పని చేసేది నూనె కాదు, అందులోని ఈపీఏ, డీహెచ్ఏ కాబట్టి. అరిగిన మృదులాస్థిని ఇది తిరిగి మొలిపిస్తుందా? మొలిపించదు.

నిజంగా పనిచేస్తుందా, లేక మన భ్రమా?

కొంత పనిచేస్తుంది. కొంత మన భ్రమ కూడా ఉంటుంది.

2013లో వచ్చిన ఒక అధ్యయనంలో కీళ్ల అరుగుదల ఉన్న 16 పిల్లులకు 10 వారాలు చేప నూనె, 10 వారాలు మొక్కజొన్న నూనె ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇస్తున్నారో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. చేప నూనె తిన్న వారాల్లో నడకలో బిగుతు తగ్గింది, దూకే ఎత్తు పెరిగింది. మెట్లు ఎక్కి దిగడం, మనుషుల దగ్గరికి రావడం కూడా మెరుగైనట్టు కనిపించినా ఆ తేడా అంత గట్టిగా నిలబడలేదు. ఇంతకుముందే, 2010లో, 40 పిల్లులకు 9 వారాల పాటు ఒమేగా-3 ఎక్కువగా ఉన్న తిండి పెట్టి, మెడ పట్టీకి కదలికలు కొలిచే చిన్న పరికరం తగిలించి చూశారు. ఆ తిండి తిన్న పిల్లుల కదలికలు పెరిగాయి. అయితే ఆ తిండిలో కీళ్ల కోసమని అమ్మే గ్లూకోసమైన్ లాంటివీ ఉన్నాయి కాబట్టి క్రెడిట్ అంతా నూనెకే ఇవ్వలేం.

ఇక భ్రమ సంగతి. పిల్లి నొప్పి మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లులకు కూడా బాగైందని వాటి యజమానులు చెప్పడం మామూలే. వాళ్లు అబద్ధం చెప్పరు. డబ్బు పెట్టి కొని, రోజూ శ్రద్ధగా పెట్టి, బాగుపడాలని ఎదురుచూసే కళ్లకు బాగుపడినట్టే కనిపిస్తుంది. అందుకే వీడియోలు తీయమంటున్నాను. మొదలుపెట్టే ముందు వారం, మళ్లీ నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు, అదే సోఫా, అదే మెట్లు, అదే వేళ. ఒకసారి నూనె సంగతి తెలియని వాళ్లకు చూపించి ఏది ముందుదో, ఏది వెనకదో అడగండి. వాళ్లు తేల్చలేకపోతే మీకూ తేలనట్టే.

ఎలాంటి నూనె కొనాలి?

చేప శరీరం నుంచి తీసిన నూనె. చిన్న సముద్రపు చేపలైన సార్డిన్, ఆంకోవీల నుంచి తీసింది గానీ, సాల్మన్ నూనె గానీ. లేబుల్ మీద ఈపీఏ ఎంతో, డీహెచ్ఏ ఎంతో విడివిడిగా మిల్లీగ్రాముల్లో రాసి ఉండాలి. "ఒమేగా 3-6-9" అని పెద్దక్షరాలతో అచ్చేసి, లోపల ఏది ఎంతో చెప్పని సీసాలను నేను ముట్టుకోను. ఒమేగా-6 పిల్లి తిండిలో ఎలాగూ బోలెడు ఉంటుంది, మళ్లీ కొని పోయడం దేనికి?

నాచు నుంచి తీసే నూనె కూడా ఉంది. చేపలకు ఒమేగా-3 వచ్చేది అక్కడి నుంచే కాబట్టి ఇది నేరుగా మూలానికి వెళ్లడం లాంటిది. కాకపోతే చాలా రకాల్లో డీహెచ్ఏ ఎక్కువ, ఈపీఏ తక్కువ ఉంటుంది, లేబుల్ చూసుకోవాలి. క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న సముద్రజీవుల నూనె మంచిదే, కాకపోతే ఒక్కో క్యాప్సూల్‌లో ఈపీఏ, డీహెచ్ఏ తక్కువగా ఉంటాయి. న్యూజిలాండ్‌లో పెంచే పచ్చంచు ఆల్చిప్పల నుంచి తీసిన పొడి, నూనె కూడా కీళ్ల కోసం అమ్ముతారు. అందులోనూ ఒమేగా-3 ఉంటుంది, పిల్లులు ఆ వాసనకు పడి చస్తాయి కూడా.

అవిసె నూనెలో కూడా ఒమేగా-3 ఉంటుంది కదా, అది వేస్తే?

ఉంటుంది, పిల్లికి అక్కరకు రాదు. అవిసెలో ఉండే ఒమేగా-3 పేరు ఏఎల్ఏ. దాన్ని ఈపీఏగా, డీహెచ్ఏగా మార్చుకోవడానికి డెల్టా-6 డీసాచురేజ్ అనే ఎంజైము కావాలి. పిల్లుల్లో ఆ ఎంజైము పని దాదాపు సున్నా. మాంసం తిని బతకడానికే పుట్టిన జంతువు కాబట్టి, తయారైన కొవ్వు ఆమ్లాలు ఎరలోనే దొరికేవి, సొంతంగా తయారు చేసుకునే అవసరమే రాలేదు. శాకాహార ఇళ్లలో పెరిగే పిల్లులకు చాలామంది అవిసె నూనె వేస్తుంటారు. చేప వద్దనుకుంటే నాచు నూనెకు మారడం మేలు.

కాడ్ లివర్ ఆయిల్ కూడా చేప నూనేగా?

ఇక్కడ కాస్త ఆగి చదవండి. మొదట నేను కొన్నదీ అదే. రెండూ ఒకటేనని షాపులో చెప్పారు, నేనూ నమ్మాను. ఒకటి కాదు.

కాడ్ లివర్ ఆయిల్ చేప కాలేయం నుంచి తీస్తారు. అందులో ఒమేగా-3తో పాటు విటమిన్ ఏ, విటమిన్ డి బాగా ఎక్కువ. ఇవి కొవ్వులో కరిగే విటమిన్లు. ఎక్కువైతే మూత్రంలో పోవు, ఒంట్లోనే పేరుకుంటాయి. పిల్లి తినే డబ్బా తిండిలో ఇవి సరిపడా ముందే కలిపి ఉంటాయి. దాని మీద రోజూ లివర్ నూనె పోస్తే నెలల తరబడి విటమిన్ ఏ పోగుపడుతుంది. అలా మితిమీరితే పిల్లులకు ఏమవుతుందో తెలుసా? మెడ దగ్గర వెన్నుపూసల చుట్టూ, ముందుకాళ్ల కీళ్ల చుట్టూ కొత్త ఎముక పెరిగి అతుక్కుపోతుంది. మెడ తిప్పలేదు, ఒళ్లు నాక్కోలేదు. రోజూ కాలేయమే తినిపించిన పిల్లుల్లో ఈ జబ్బు చాలాకాలంగా తెలిసిందే. కీళ్ల నొప్పి తగ్గాలని పోసిన నూనె కీళ్లనే బిగించేయడం కన్నా ఘోరం ఇంకేముంటుంది? విటమిన్ డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. సీసా మీద "లివర్" అన్న మాట కనిపిస్తే పెట్టేసి రండి. ఇప్పటికే కొన్నాళ్లు వాడి ఉంటే ఆపి, ఎంత వాడారో వెట్‌కు చెప్పండి.

ఎంత వేయాలి?

అందరూ అడిగేది ఇదే. "పిల్లికి ఇన్ని చుక్కలు" అని నేను రాయను. పిసినారితనం కాదు. పిల్లుల విషయంలో అందరూ ఒప్పుకున్న ఒకే అంకె లేదు, కుక్కలకున్నంత గట్టి లెక్కలు వీటికి లేవు. పిల్లి బరువు, తింటున్న తిండి, ఉన్న జబ్బులు చూసి వెట్ లెక్కగట్టాల్సిందే. ఆ లెక్క అర్థం చేసుకోవడం మాత్రం మనం నేర్చుకోవచ్చు.

కొలవాల్సింది నూనెను కాదు, ఈపీఏ, డీహెచ్ఏల మొత్తాన్ని. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్ తీసుకోండి. వెనక చదివితే చాలావాటిలో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. అంటే పనికొచ్చేది 300 మి.గ్రా. మాత్రమే, మిగతా 700 వేరే కొవ్వు. ఘాటు రకాల్లో అదే సైజు క్యాప్సూల్‌లో 500, 600 మి.గ్రా. కూడా ఉంటుంది. కాబట్టి "పక్కింటి పిల్లికి రోజుకో క్యాప్సూల్" అనే మాటకు అర్థం లేదు. వెట్ దగ్గరికి వెళ్లేటప్పుడు సీసా లేబుల్ ఫోటో, ఇప్పుడు పెడుతున్న తిండి ప్యాకెట్ ఫోటో రెండూ పట్టుకెళ్లండి. కిడ్నీ డైట్, కీళ్ల డైట్ అని అమ్మే తిండ్లలో ఒమేగా-3 ముందే కలిపి ఉంటుంది. అలాంటిది తినే పిల్లికి నూనె అసలే అక్కర్లేకపోవచ్చు.

కేలరీల సంగతి కూడా చూడాలి. 4 కిలోల ముసలి పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. ఒక టీస్పూన్ నూనెలో 40 కేలరీలుంటాయి. అంటే ఒక్క చెంచాతో రోజు తిండిలో ఐదో వంతు లోపలికి పోయినట్టే. బరువు పెరిగితే కీళ్ల మీద భారం పెరుగుతుంది, నూనె చేసిన మేలు అక్కడే పోతుంది.

వెట్ ఎంత చెప్పినా మొదటి రోజే అంతా పోయకండి. నాలుగో వంతుతో మొదలుపెట్టి, విరేచనాలు కావడం లేదని చూసుకుంటూ రెండు మూడు వారాల్లో పూర్తి మోతాదుకు రావాలి. నేను ఆత్రపడి మొదటి పూటే మొత్తం వేసి, ఆ రాత్రి తివాచీ ఉతుక్కున్నాను.

ఎలా తినిపించాలి? సిరంజితో నోట్లో పోయొచ్చా?

పోయకండి. నూనె గొంతులో మంటగానీ గరగరగానీ పుట్టించదు, అందుకే దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అలా పోతే నూనె న్యుమోనియా వస్తుంది. అది నయం చేయడం చాలా కష్టం. గింజుకునే పిల్లిని పట్టుకుని పోస్తే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

తడి తిండిలో కలపడమే తేలిక దారి. క్యాప్సూల్ అయితే పిన్నుతో గుచ్చి పిండితే సరి. తిండిని కాస్త గోరువెచ్చగా చేస్తే వాసన పైకొచ్చి పిల్లి దగ్గరికి వస్తుంది. మొదట రెండు చుక్కలు ఒక చిన్న ముద్దలో కలిపి విడిగా పెట్టండి, అది తిన్నాక మామూలు తిండి. గిన్నె మొత్తంలో కలిపితే, నచ్చకపోతే గిన్నె మొత్తం వదిలేస్తుంది. చేప అంటే ఇష్టపడే పిల్లికి చేప నూనె నచ్చుతుందన్న గ్యారంటీ లేదు. ఒకసారి ఆ తిండి మీద విరక్తి పుడితే నూనె ఆపినా మళ్లీ ముట్టకపోవచ్చు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. "ఆకలేస్తే అదే తింటుంది" అనే పంతం పిల్లి దగ్గర పనికిరాదు. రెండు మూడు రోజులు తిండి మానేస్తే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే నూనె పక్కన పెట్టి, తినేది పెట్టి, వెట్‌కు ఫోన్ చేయండి.

ఎన్నాళ్లకు తేడా కనిపిస్తుంది?

నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి, పూర్తి ఫలితం తెలియడానికి పది పన్నెండు వారాలు. మూడో రోజే పిల్లి గంతులేసిందంటే అది నూనె వల్ల కాదు. పన్నెండు వారాలకు వీడియోల్లో తేడా లేకపోతే, మోతాదు సరిపోతోందా అని వెట్‌ను ఒకసారి అడిగి, అప్పటికీ లేకపోతే మానేయడమే. తేడా వచ్చినా అది చిన్నదే అయి ఉంటుంది. మసి మళ్లీ అల్మారా ఎక్కలేదు. కిటికీ గట్టు ఎక్కింది, మాకు అదే పండగ.

దుష్ప్రభావాలు ఏమైనా ఉన్నాయా?

ఎక్కువగా వచ్చేది విరేచనాలు, అప్పుడప్పుడు వాంతులు. నోరు చేప కంపు కొడుతుంది, అది భరించాల్సిందే. మోతాదు బాగా ఎక్కువైతే రక్తం గడ్డకట్టే గుణం కాస్త తగ్గొచ్చు, గాయాలు మానడం ఆలస్యం కావొచ్చు. పన్ను తీయించడమో మరో ఆపరేషనో ఉంటే నూనె వాడుతున్నట్టు ముందే చెప్పండి, కొన్నాళ్లు ఆపమనొచ్చు.

ఇంకొకటి విటమిన్ ఇ. చేప నూనెలోని కొవ్వు గాలి తగిలితే తొందరగా చెడే రకం. అది ఒంట్లో చెడిపోకుండా కాపాడేది విటమిన్ ఇ. నూనె పెరిగిన కొద్దీ దాని అవసరమూ పెరుగుతుంది. జాగ్రత్తగా తయారు చేసిన నూనెల్లో దాన్ని కలిపే అమ్ముతారు, లేబుల్ మీద టోకోఫెరాల్స్ అని ఉంటుంది.

అయితే రోజూ చేపలే పెడితే పోలా?

పోదు. విటమిన్ ఇ చాలకుండా నూనె చేపలే ఎక్కువగా తిన్న పిల్లులకు ఒంట్లోని కొవ్వు వాచి, పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే అరిచేంత నొప్పి పుట్టే జబ్బు వస్తుంది. స్టియటైటిస్ అంటారు. కొన్ని రకాల పచ్చి చేపల్లో థయమిన్ అనే విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. అది తగ్గితే నరాలు దెబ్బతిని పిల్లి తల వాల్చేస్తుంది, ఫిట్స్ కూడా వస్తాయి. వారానికి ఒకసారి ఉడికించిన ముక్క బహుమతిగా పెట్టండి, తప్పులేదు.

వేరే జబ్బులు, వేరే మందులు ఉంటే?

వెట్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. గుండె జబ్బు ఉన్న పిల్లులకు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇస్తుంటారు, దానితో కలిపేటప్పుడు మోతాదు చూసుకోవాలి. పాంక్రియాస్ వాపు వచ్చి తగ్గిన పిల్లికి, తరచూ విరేచనాలయ్యే పిల్లికి అదనపు కొవ్వు పడకపోవచ్చు. షుగర్ ఉంటే నూనె మొదలుపెట్టిన వారాల్లో రీడింగ్‌లు కాస్త దగ్గరగా గమనించాలి. కిడ్నీ జబ్బు ఉంటే చేప నూనెకు అడ్డేమీ లేదు, కాకపోతే పైన చెప్పినట్టు ఆ తిండిలోనే అది ఉంటుంది.

నూనె మొదలుపెట్టాక నొప్పి మందు ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపకండి. చేప నూనె నొప్పి మందుకు తోడు, దాని బదులు కాదు. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, "సహజమైనది కదా" అని నూనె దగ్గరే ఆగిపోయి, పిల్లిని నెలల తరబడి నొప్పితో ఉంచడం దయ కాదు.

వెట్ దగ్గర ఇప్పుడు మంచి మందులే ఉన్నాయి. మెలాక్సికామ్ చాలా పిల్లులకు బాగా పనిచేస్తుంది, కిడ్నీలు గమనిస్తూ, పిల్లి నీళ్లు బాగా తాగుతోందని చూసుకుంటూ, చెప్పిన మోతాదులోనే వాడాలి. నొప్పి సంకేతాలను పెంచే నరాల పదార్థాన్ని అడ్డుకునే ఫ్రునెవెట్మాబ్ అనే ఇంజెక్షన్ నెలకోసారి ఇస్తారు. అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 2022 జనవరిలో అనుమతించింది, జంతువుల కోసం అక్కడ అనుమతి పొందిన మొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ (ల్యాబ్‌లో తయారు చేసే ప్రతిరక్షకం) ఇదే. నూనె పనిచేస్తే ఈ మందుల మోతాదు తగ్గించొచ్చేమో వెట్ చూస్తారు.

మనుషుల మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు. పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి చనిపోతుంది. దాన్ని విరిచేసి బయటికి పంపే గ్లూకురోనిడేషన్ అనే పని పిల్లి కాలేయం సరిగా చేయలేదు. ఐబుప్రోఫెన్ కూడా విషమే.

నొప్పి తైలం రాసి మర్దన చేస్తే?

పిల్లి ఒంటికి ఏం రాసినా పది నిమిషాల్లో అది కడుపులో ఉంటుంది. నాకేస్తుంది. మన నొప్పి తైలాల్లో ఘాటుగా ఉండే వింటర్‌గ్రీన్ నూనెలో మిథైల్ శాలిసిలేట్ ఉంటుంది, అది ఆస్పిరిన్ కుటుంబం. యూకలిప్టస్, పిప్పర్‌మెంట్, దాల్చిన, టీ ట్రీ నూనెలు కూడా పిల్లికి చేటు చేసేవే. ఇందాక చెప్పిన కాలేయం లోపమే ఇక్కడా కారణం. పిల్లి ఉన్న గదిలో వీటిని డిఫ్యూజర్‌లో వెలిగించడం కూడా మానుకోండి. మీరే ఆ తైలం రాసుకుని ఉంటే చేతులు కడుక్కుని పిల్లిని ఎత్తుకోండి.

పొడి చేత్తో నెమ్మదిగా నిమరడం, వెచ్చటి గుడ్డ కాపడం పెట్టడం మసికి ఇష్టం. చేయి కీలు మీద కాకుండా తొడ కండ మీద ఉండాలి. తోక ఊపడం మొదలుపెడితే ఆపేయాలి, వద్దు అనడమే అది.

కొబ్బరి నూనె, ఆముదం?

కొబ్బరి నూనెలో ఒమేగా-3 లేనట్టే, పిల్లి కీళ్లకు అది మేలు చేస్తుందన్న ఆధారమూ లేదు. కేలరీలు మాత్రం పూర్తిగా ఉంటాయి, పైగా అందులోని కొన్ని కొవ్వుల రుచి పిల్లులకు సరిపడదు. ఆముదం విరేచనాలు పట్టించి ఒంట్లో నీరు లాగేస్తుంది. ముసలి పిల్లికి పొరపాటున కూడా వద్దు.

సీబీడీ నూనె గురించి విన్నాం?

ఇది గంజాయి జాతి మొక్క నుంచి తీసేది. దీని మీద కుక్కల్లో కొంత పరిశోధన జరిగింది, పిల్లుల్లో తక్కువ. కొన్ని పిల్లుల్లో కాలేయం ఎంజైములు పెరిగాయి. సీసా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయ్యే ఉదాహరణలూ ఉన్నాయి. మత్తెక్కించే టీహెచ్‌సీ కలిసి ఉంటే పిల్లి తూలుతుంది, వణుకుతుంది. కొన్ని దేశాల్లో చట్టం కూడా ఒప్పుకోదు. నేనైతే వెట్ తానుగా చెబితే తప్ప వెళ్లను.

గ్లూకోసమైన్ కలిపిన నూనెలు ఇంకా మంచివా?

కుక్కలు, పిల్లుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసి 2022లో వచ్చిన ఒక విశ్లేషణలో ఒమేగా-3కి మంచి మార్కులు పడ్డాయి, గ్లూకోసమైన్-కాండ్రాయిటిన్‌కు పడలేదు. ఎక్కువ డబ్బు పెట్టి ఆ జోడింపు కొనడం కన్నా లేబుల్ సరిగ్గా ఉన్న వట్టి చేప నూనె మేలు. మనుషుల కోసం చేసిన రకం కొంటే అందులో తీపి కోసం జైలిటాల్, వాసన కోసం నిమ్మ, నారింజ నూనెలు లేవని చూసుకోండి. నిమ్మజాతి నూనెలు పిల్లులకు పడవు.

సీసా ఎలా దాచాలి? చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

నల్లటి లేదా ముదురు రంగు సీసా, చిన్న సైజు, ఫ్రిజ్‌లో. వెలుగు, వేడి, గాలి ఈ నూనెకు శత్రువులు. మూత తీసిన తేదీ సీసా మీద రాసుకుని, రెండు నెలల్లో అయిపోయేంతే కొనండి. మంచి నూనెకు సముద్రపు వాసన లేతగా ఉంటుంది. పాత రంగు డబ్బాలానో ముక్కిపోయిన గింజల్లానో గుప్పుమంటే పారేయండి. ముక్కిపోయిన నూనె వాపు తగ్గించకపోగా పెంచొచ్చు, ఉన్న విటమిన్ ఇని కూడా మింగేస్తుంది. నిన్నటిదాకా ఇష్టంగా తిన్న పిల్లి ఇవాళ గిన్నె వాసన చూసి వెళ్లిపోతే మొదట సీసాను అనుమానించండి. మనకన్నా దాని ముక్కు చురుకు.

నూనెతో పాటు ఇంట్లో ఏం చేయొచ్చు?

నిజం చెప్పాలంటే మసికి నూనె కన్నా ముందు సుఖాన్నిచ్చింది ఒక ప్లాస్టిక్ డబ్బా. పాత ట్రే తీసేసి, ఒక వైపు అంచు దాదాపు నేలదాకా కోసిన వెడల్పాటి డబ్బా పెట్టాం. నేల మీద చేయడం ఆ రోజే ఆగింది. సోఫా దగ్గర రెండు అట్టపెట్టెలు మెట్లలా పేర్చాం. నున్నటి నేల మీద అక్కడక్కడ చాపలు వేశాం, జారితే భయపడి అసలే నడవదు. వెచ్చటి పక్క, నేలకు దగ్గరగా. నీళ్లగిన్నె మెట్లెక్కాల్సిన పని లేని చోట. రెండు వారాలకోసారి గోళ్లు కత్తిరించడం.

లావుగా ఉంటే బరువు తగ్గించాలి, నెమ్మదిగా. వారానికి ఒంటి బరువులో 1 శాతం చాలు. 5 కిలోల పిల్లికి అది 50 గ్రాములు. మనం నిలబడి బరువు చూసుకునే త్రాసు మీద కాదు, పసిపిల్లల త్రాసు మీద తెలుస్తుంది.

ఎప్పుడు నూనె సంగతి వదిలేసి వెంటనే వెట్ దగ్గరికి పరుగెత్తాలి?

వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయి, చల్లబడి, పిల్లి గట్టిగా అరుస్తుంటే అది కీళ్ల నొప్పి కాదు. గుండె నుంచి జారిన రక్తపు గడ్డ కాళ్లకు వెళ్లే నాళాన్ని మూసేసి ఉండొచ్చు, నిమిషాలు లెక్క. నోరు తెరిచి రొప్పుతున్నా, మగపిల్లి ట్రేలో పదేపదే ముక్కుతూ చుక్క మూత్రం పోయలేకపోతున్నా అంతే. ఒక్క కాలు కిందే పెట్టకపోతే, కీలు వేడిగా వాస్తే, ఒక రోజంతా ఏమీ తినకపోతే అదే రోజు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ నూనె సీసా కూడా సంచిలో వేసుకోండి, ఏం తింటోందని మొదట అడుగుతారు.